బెల్లం దిమ్మ ఎందుకు నల్లబడింది? - తయారీలో లోపాలను నమోదు చేసే విధానం

సంక్రాంతి దాటిన తరువాత చోడవరంనుంచి అనకాపల్లి వెళ్ళే దారిలో ప్రయాణం చేసినవారికి కాగే చెరకురసపు వాసన బాగా పరిచితమే. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతపు రైతులు చెరకును చక్కెర కర్మాగారానికి తోలడం, గానుగ ఆడి బెల్లం వండడం - రెండూ ఎరిగినవారు. వండిన బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు చేరతాయి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అది ఒకటి.

మార్కెట్టులో దిమ్మలను వరుసగా పేర్చి, ముఖ్యంగా రంగును బట్టి మొదటి రకం, రెండవ రకం, మూడవ రకం అని విభజిస్తారు. బంగారు రంగు దిమ్మకు ధర ఎక్కువ. నల్లని దిమ్మకు తక్కువ. రైతు చేతికి వచ్చే పట్టీలో తూకం, రకం, ధర ఉంటాయి. 'మూడవ రకం' అని ఉంటుంది గాని, అది మూడవ రకం ఎందుకు అయినదో ఉండదు. ఏడాదిపాటు పెంచిన పంట విలువ ఆ ఒక్క మాటతో తగ్గిపోతుంది. ఆ తప్పు మళ్ళీ జరగకుండా చూసుకోవడానికి కావలసిన సమాచారం మాత్రం ఎక్కడా మిగలదు.

కొన్ని సంవత్సరాల క్రితం ఈ వ్యాస రచయిత ఒక గానుగ వద్దకు వెళ్ళినప్పుడు, ఆ ముందు వారం వండిన దిమ్మలు నల్లబడి మార్కెట్టులో ధర పోయిందని అందరూ విచారంగా ఉన్నారు. కారణమేమని అడిగితే, యజమాని చెరకు మంచిది కాదన్నాడు. పాకం పట్టే మనిషి, పిప్పి తడిసి మంట సరిగా రాలేదన్నాడు. పొయ్యి ఎగదోసే కుర్రవాడు, సున్నం ఎక్కువ పడిందని మెల్లగా అన్నాడు. ముగ్గురూ అబద్ధం చెప్పేవారు కారు. కాని ఆ దిమ్మలు ఏ రోజు వండినవి, ఆ రోజు చెరకు ఎప్పుడు నరికినది, సున్నం ఎంత వేసినది అనే ప్రశ్నలకు ఒక్కరి వద్దా సమాధానం లేదు. వాదం అక్కడే ఆగిపోయింది.

చిన్న గానుగ మొదలుకొని మందులు తయారుచేసే పెద్ద కర్మాగారం వరకు ఈ సమస్య ఒక్కటే. తయారైన వస్తువులో లోపం కనిపించినప్పుడు దానిని ఎట్లా వ్రాసి ఉంచాలి? వ్రాసినదానినుంచి కారణాన్ని ఎట్లా రాబట్టాలి? నాణ్యతా నియంత్రణ అనే శాస్త్రానికి పునాది ఈ రెండు ప్రశ్నలే.

లోపం వేరు, కారణం వేరు

జ్వరం వచ్చిన రోగిని పరీక్షించే వైద్యుడు ముందుగా ఉష్ణోగ్రత ఎంత ఉన్నదో వ్రాస్తాడు. మలేరియా అని ముందే వ్రాయడు. జ్వరం కంటికి కనిపించే లక్షణం. మలేరియా పరీక్షించి నిర్ణయించవలసిన కారణం. వస్తువుల విషయంలో కూడా అంతే. 'దిమ్మ నల్లబడింది' అనేది లక్షణం. 'సున్నం ఎక్కువైంది' అనేది కారణాన్ని గురించిన ఊహ. ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపి వ్రాసినట్లయితే ఆ కాగితం ఆ తరువాత ఎవరికీ ఉపయోగపడదు. ఊహ తప్పయితే లక్షణం కూడా దానితోపాటు పోతుంది.

ఒక్క నలుపు వెనుక ఎన్ని కారణాలు దాగి ఉండవచ్చునో తెలుసుకోవాలంటే బెల్లం పెనంలో జరిగే రసాయన మార్పులను కొంచెం పరిశీలించాలి.

చెరకు రసంలో ముఖ్యమైన తీపి పదార్థం సుక్రోజు. ఇది ఆమ్లం సమక్షంలో గాని, ఇన్వర్టేజు అనే ఎంజైము వల్ల గాని నీటితో కలిసి రెండుగా విడిపోతుంది. 342 గ్రాముల సుక్రోజు 18 గ్రాముల నీటితో కలిసి 180 గ్రాముల గ్లూకోజును, 180 గ్రాముల ఫ్రక్టోజును ఇస్తుంది. సుక్రోజు ద్రావణం ధ్రువిత కాంతి తలాన్ని కుడివైపుకు తిప్పుతుంది. విడిపోయిన మిశ్రమం ఎడమవైపుకు తిప్పుతుంది. దిశ తలక్రిందులవుతుంది గనుక ఈ మిశ్రమానికి విలోమ చక్కెర అని పేరు వచ్చింది. విలోమ చక్కెర సుక్రోజువలె తేలికగా గట్టి స్ఫటికాలు కట్టదు. పైగా ఫ్రక్టోజు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో దిమ్మ చెమర్చి మెత్తబడడానికి ఇది ముఖ్య కారణం.

చెరకు నరికిన వెంటనే ఈ విచ్ఛేదం ఆరంభమవుతుంది. నరికిన గడను ఎండలో రెండు మూడు రోజులు పడవేస్తే సుక్రోజు తగ్గి విలోమ చక్కెర పెరుగుతుంది. నరికిన కొనలనుంచి లోపలికి చేరిన బాక్టీరియాలు సుక్రోజునుంచి డెక్స్‌ట్రాను అనే జిగురు పదార్థాన్ని కూడా తయారుచేస్తాయి. అందువల్లనే నరికిన 24 గంటలలోగా గానుగ ఆడాలని చెబుతారు.

రసం సహజంగా కొంచెం ఆమ్లగుణం కలది, దాని పి.హెచ్. విలువ 5.2, 5.5 మధ్య ఉంటుంది. అట్లాగే కాచితే వేడికి విచ్ఛేదం ఇంకా వేగంగా సాగుతుంది. దీనిని తగ్గించడానికి సున్నపుతేట కలుపుతారు. సున్నం చాలకపోతే విలోమ చక్కెర పెరుగుతుంది. ఎక్కువై ద్రావణం క్షారగుణం పొందితే గ్లూకోజు, ఫ్రక్టోజులు విచ్ఛిన్నమై గోధుమ, నలుపు రంగు పదార్థాలుగా మారతాయి. ఇట్లా తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే.

ఇక పాకం. రసం చిక్కబడే కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. దిమ్మలు పోయడానికి సుమారు 118 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పాకాన్ని దించుతారు. అనుభవం కలవారు చుక్కను చన్నీళ్ళలో వేసి, ఉండ కట్టే తీరును బట్టి చెబుతారు. లేత పాకంలో దించితే నీరు మిగిలి దిమ్మ మెత్తగా ఉంటుంది. ముదురు పాకమయితే చక్కెర మాడి రంగు చెడుతుంది. వీటికి తోడు పొలంలో నత్రజని ఎరువు ఎక్కువై, రసంలో ఎమినో ఆమ్లాలు పెరిగినప్పుడు అవి గ్లూకోజు వంటి చక్కెరలతో కలిసి నల్లని పదార్థాలను ఇస్తాయి. నేలలో ఉప్పు ఎక్కువగా ఉంటే బెల్లం రుచి, నిల్వ రెండూ చెడతాయి. పెనంనుంచి కరిగే ఇనుము రసంలోని ఫినాలు పదార్థాలతో కలిసినప్పుడు కూడా రంగు ముదురుతుంది.

నలుపు ఒక్కటే, కారణాలు అరడజను. ఇందులో కొన్ని పొలంలో పుట్టినవి, కొన్ని దారిలో పుట్టినవి, కొన్ని పెనంలో పుట్టినవి. గానుగ వద్ద ఆ ముగ్గురు చెప్పిన మూడు కారణాలూ శాస్త్రరీత్యా సాధ్యమైనవే. ఏది జరిగినదో చెప్పగలిగేది ఆ రోజు వ్రాసిన కాగితం మాత్రమే.

లోపాన్ని కప్పిపుచ్చితే ఏమవుతుంది?

కారణం తెలియనప్పుడు మనుష్యులు లక్షణానికి మందు వేస్తారు. బెల్లం వండే అనేక ప్రాంతాలలో 'హైడ్రోసు' అనే తెల్లని పొడి వాడుకలోకి రావడానికి ఇదే కారణం. దీని రసాయన నామం సోడియం హైడ్రోసల్ఫైటు. ఇది బలమైన క్షయకరణి. మరిగే రసంలో వేస్తే రంగు పదార్థాలను క్షయకరించి, నల్లని రసాన్ని చూస్తూ ఉండగానే పసుపుపచ్చగా మారుస్తుంది. కాని విలోమ చక్కెర తగ్గదు, తేమ తగ్గదు. కొంతకాలం గాలి సోకిన తరువాత రంగు మళ్ళీ ముదరవచ్చును. పైగా గంధకపు సమ్మేళనాలు బెల్లంలో మిగిలిపోతాయి. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు పది లక్షల భాగాలకు 70 భాగాలకు మించరాదు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఇది ఆయాసం కలిగిస్తుంది.

అవే ప్రమాణాలు మొత్తం చక్కెరలు పొడి బరువులో నూటికి 90కి తక్కువ కారాదనీ, సుక్రోజు 60కి తక్కువ కారాదనీ కూడా చెబుతున్నవి. వీటిలో దేనినీ కంటితో చూసి చెప్పలేము. మార్కెట్టు రంగును మాత్రమే చూస్తే తయారీదారు రంగును మాత్రమే సరిచేస్తాడు. ఇందులో రైతును ఒక్కనినే తప్పుపట్టడం న్యాయం కాదు. అతనికి తిరిగివచ్చే సమాచారమంతా రంగును గురించినదే.

లోపాల నమోదు విషయంలో కూడా హైడ్రోసు ఒక గొప్ప నష్టం చేస్తుంది. పాతబడిన చెరకుతో వండిన పెనం, తాజా చెరకుతో వండిన పెనం ఒకే రంగులో కనిపిస్తాయి. తేడా కనిపించకుండా పోయిన తరువాత కారణాన్ని వెదకే ఆధారమూ పోతుంది.

చక్కెర కర్మాగారంలో ఒక గడి

చోడవరం సమీపాన గోవాడలో నెలకొల్పిన సహకార చక్కెర కర్మాగారం పేరు మన విద్యార్థులకు తెలిసినదే. మన దేశంలోని చక్కెర కర్మాగారాలలో ఒక మంచి సంప్రదాయం ఉన్నది. చెరకు ఆడే కాలమంతా ప్రయోగశాలలో రాత్రింబవళ్ళు రసాన్ని, పిప్పిని, మడ్డిని, మొలాసిసును నియమిత వేళలలో పరీక్షించి పుస్తకంలో వ్రాస్తారు. పోలారిమీటరు అనే ధ్రువణమాపకంతో వాటిలోని సుక్రోజును అంచనా వేస్తారు. పక్షానికి ఒకసారి పంపే నివేదికకు ఆర్.టి. 7(సి) అనీ, సంవత్సరాంతపు నివేదికకు ఆర్.టి. 8(సి) అనీ పేర్లు.

ఇది నిజానికి చక్కెరకు సంబంధించిన జమాఖర్చుల లెక్క. చెరకుతో లోపలికి వచ్చిన చక్కెర ఎంత? సంచులకెక్కినది ఎంత? పిప్పిలో పోయినది ఎంత? మడ్డిలో, మొలాసిసులో పోయినది ఎంత? ఇవన్నీ కూడినా జమకూ ఖర్చుకూ కొంచెం తేడా మిగులుతుంది. ఎక్కడో విచ్ఛేదం జరిగి ఉండవచ్చు, గొట్టం కారి ఉండవచ్చు, తూకంలో పొరపాటు ఉండవచ్చు. ఈ తేడాను 'తెలియని నష్టం' అనే ప్రత్యేకమైన గడిలో వ్రాస్తారు. దానిని మొలాసిసు లెక్కలోనో, పిప్పి లెక్కలోనో సర్దివేసి కాగితాన్ని అందంగా కనబడేటట్లు చేయడం కష్టం కాదు. అట్లా చేయకుండా, తెలియని దానికి ఒక గడి కేటాయించి అంకె వేయడం శాస్త్రీయ దృష్టికి మంచి ఉదాహరణ. ఈ అంకె హఠాత్తుగా పెరిగితే రసాయనజ్ఞుడు కారే గొట్టాన్నో, చెడిన తూకపు యంత్రాన్నో వెదకడానికి బయలుదేరుతాడు.

చిట్టాలో ఏమి వ్రాయాలి?

గానుగ వద్దకే తిరిగి వద్దాము. ఒకసారి పెనంలో పోసి దించిన మొత్తాన్ని ఒక వంట అనుకుందాము. లోపాల చిట్టాకు ఒక రూళ్ళ పుస్తకం, ఒక ఉష్ణమాపకం, పి.హెచ్. కాగితాలు చాలును. ప్రతి వంటకు ఈ క్రింది వివరాలు కావాలి.

1. వంట సంఖ్య, తేదీ, వేళ. ఆ సంఖ్యనే దిమ్మమీద కూడా గుర్తుగా వేయాలి. మందు సీసామీద ఉండే బ్యాచి నంబరు ఉద్దేశం ఇదే. వస్తువుకూ కాగితానికీ ముడి వేసేది ఆ సంఖ్య.

2. చెరకు ఏ మడిది, ఏ రకం, ఎప్పుడు నరికినది.

3. రసం పి.హెచ్., వేసిన సున్నం పరిమాణం.

4. పాకం దించినప్పటి ఉష్ణోగ్రత.

5. కంటికి కనిపించిన లక్షణం: నలుపు, మెత్తదనం, మడ్డి, మాడు వాసన వంటివి. లోపం లేకపోతే 'లేదు' అని స్పష్టంగా వ్రాయాలి. ఖాళీ గడిని చూసినవారికి లోపం లేదో, చూడడమే మరచిపోయారో తెలియదు.

6. కారణాన్ని గురించి అనుమానం ఉంటే అది వేరే గడిలో, అనుమానం అనే పేరుతోనే.

7. తరువాత ఏమి చేశారు: మళ్ళీ కరగించారా, వేరుగా అమ్మారా, వాడకుండా తీసివేశారా.

వ్రాసే వేళ కూడా ముఖ్యమైనది. సాయంకాలం కూర్చుని జ్ఞాపకంమీద వ్రాసిన అంకెలు ఒక్కటొక్కటిగా ఒకే విలువకు దగ్గరవుతాయి. 118, 118, 118 అని వరుసగా కనిపిస్తే ఉష్ణమాపకాన్ని చూసి వ్రాసినవి కావని అనుమానించవచ్చును. తప్పు వ్రాసినప్పుడు చెరిపివేయకుండా, పాత అంకె కనిపించేటట్లుగా ఒక్క గీత కొట్టి ప్రక్కన సరియైనది వ్రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. మందుల కర్మాగారాలలో ఈ నియమాన్ని చాలా కచ్చితంగా పాటిస్తారు.

మంచివాటిని కూడా లెక్కపెట్టాలి

లోపాల చిట్టా అన్నాము గనుక చెడిన వంటలను మాత్రమే వ్రాస్తే చాలునని కొందరికి తోచవచ్చును. ఇది పెద్ద పొరపాటు. ఒక ఊహాజనితమైన లెక్కతో దీనిని పరిశీలిద్దాము.

ఒక గానుగలో ఒక కాలంలో 100 వంటలు జరిగినవనుకుందాము. వాటిలో 24 వంటలు మొదటి రకం కాలేదు. లక్షణాలనుబట్టి గీతలు గీసి, నాలుగు నిలువు గీతలకు ఒక అడ్డగీత చొప్పున కట్టలు కట్టి లెక్కిస్తే నలుపు 13, మెత్తదనం 7, మడ్డి 3, మాడు వాసన 1 అని తేలినది. 24లో 20 మొదటి రెండు లక్షణాలవే. ముందుగా వేటిమీద శ్రద్ధ పెట్టాలో దీనివల్ల తెలుస్తుంది. ఒక్కసారి వచ్చిన మాడు వాసనను గురించి పదిమంది పది రోజులు మాట్లాడుకోవచ్చు గాని, నష్టంలో దాని పాలు తక్కువ.

ఇప్పుడు ఎవరు వండినవో చూద్దాము. చెడిన 24 వంటలలో 16 పాత మనిషి వండినవి, 8 కొత్త మనిషి వండినవి. చెడినవాటిని మాత్రమే వ్రాసిన పుస్తకం ప్రకారం పాత మనిషిదే తప్పు ఎక్కువ. అతనిని పనిలోనుంచి తీసివేసినా ఆశ్చర్యం లేదు. అయితే పూర్తి పుస్తకం తీసి చూస్తే, పాత మనిషి వండినవి మొత్తం 80 వంటలు. కొత్త మనిషి వండినవి 20 మాత్రమే. మొదటివాని లోపాలు నూటికి 20. రెండవవానివి నూటికి 40. మంచి వంటలను నమోదు చేయకపోతే ఒక మనిషికి అన్యాయం జరిగి ఉండేది.

ఇంతటితో ఆగి కొత్త మనిషిని తప్పుపట్టడం కూడా తొందరపాటే. అదే పుస్తకంలో చెరకు నరికిన వేళను చూద్దాము. నరికిన రోజే ఆడిన చెరకుతో 60 వంటలు జరిగి, 6 చెడినవి. అనగా నూటికి 10. ఆలస్యంగా ఆడిన చెరకుతో 40 వంటలు జరిగి, 18 చెడినవి; అనగా నూటికి 45. కొత్త మనిషికి ఎక్కువగా పాత చెరకే వచ్చి ఉంటే? ఈ ప్రశ్నకు కూడా పుస్తకమే సమాధానం చెప్పగలదు, రెండు వివరాలూ ప్రతి వంటకూ వ్రాసి ఉంటే. మనుష్యులమీద మొదలైన విచారణ చాలా సందర్భాలలో బండి ఆలస్యం దగ్గర ముగుస్తుంది.

యాదృచ్ఛికమా, కారణం ఉన్నదా?

ఇంకొక చిక్కు ఉన్నది. పైన చెప్పిన 100 వంటలను 25 చొప్పున నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్క భాగంలో సగటున 6 చెడ్డ వంటలు రావాలి. కాని ప్రతి భాగంలోనూ సరిగా 6 రావు. ఒకసారి 4, మరొకసారి 8 వస్తాయి. 8 వచ్చినప్పుడు యజమాని కేకలు వేయడం, 4 వచ్చినప్పుడు మెచ్చుకోవడం సహజం. నిజానికి ఆ రెండింటికీ మధ్య పనిలో తేడా ఏమీ లేకపోవచ్చును. నాణేన్ని పదిసార్లు ఎగురవేస్తే ప్రతిసారీ అయిదు బొమ్మలు రావు కదా!

ఏ హెచ్చుతగ్గు యాదృచ్ఛికమో, ఏది ప్రత్యేక కారణంవల్ల వచ్చినదో తేల్చడానికి వాల్టర్ షూహార్ట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1924లో ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆయన టెలిఫోను పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసేవాడు. ఆ సంవత్సరం మే 16వ తేదీన తన పైఅధికారికి పంపిన చిన్న కాగితంలో ఒక పటం గీసి చూపాడు. దానిని నియంత్రణ పటం అంటారు.

మన లెక్కకు దానిని అన్వయిద్దాము. 25 వంటలలో చెడేవాటి సగటు 6. లోపం వచ్చే నిష్పత్తి 0.24, రాని నిష్పత్తి 0.76. 25, 0.24, 0.76 - ఈ మూడింటినీ గుణిస్తే 4.56. దాని వర్గమూలం సుమారు 2.1. దీనిని ప్రామాణిక విచలనం అంటారు. షూహార్ట్ సగటుకు ఇరువైపులా దీనికి మూడు రెట్ల దూరంలో గీతలు గీశాడు. మూడు రెట్లు సుమారు 6.4, సగటుతో కలిపితే 12.4. క్రిందివైపు తీసివేస్తే సున్నకంటె తక్కువ వస్తుంది గనుక సున్నగానే తీసుకోవాలి. అనగా 25 వంటలలో 12 వరకు చెడడం కేవలం యాదృచ్ఛికంగా కూడా జరగవచ్చును. 13 గాని అంతకు మించి గాని చెడితే, ఆ రోజుల పుస్తకాన్ని తీసి ప్రత్యేక కారణాన్ని వెదకాలి. యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గుల విషయంలో ఏ ఒక్కరిని మందలించినా ప్రయోజనం లేదు. అక్కడ మార్చవలసినది మొత్తం పద్ధతిని - చెరకు తోలే ఏర్పాటునో, సున్నం కొలిచే విధానాన్నో.

షూహార్ట్ 1947-48లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానంమీద మన దేశానికి వచ్చాడు. ఆ తరువాత కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థ కర్మాగారాలలో ఈ పద్ధతుల వ్యాప్తికి పూనుకొన్నది. ఆ సంస్థలో దశాబ్దాలపాటు పరిశోధనకు, శిక్షణకు నాయకత్వం వహించినవారిలో కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023) అగ్రగణ్యులు. ఆయన విశాఖపట్నంలో చదువుకొని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రంలో పట్టా పొంది, 1941లో కలకత్తా వెళ్ళి ఆ సంస్థలో చేరారు. చోడవరం విద్యార్థికి గణాంకశాస్త్రం మరీ దూరపు విద్య కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలును.

ప్రాణాలమీదికి వచ్చినప్పుడు

బెల్లం నల్లబడితే ధర పోతుంది. మందు చెడితే మనిషి పోతాడు. 1937లో అమెరికాలోని ఒక సంస్థ సల్ఫానిలమైడు అనే మందును పిల్లలు సులభంగా తాగడానికి ద్రవరూపంలో తయారుచేసింది. ఆ మందు నీటిలో తేలికగా కరగదు గనుక డైఎథిలీను గ్లైకాలు అనే తీయని ద్రవంలో కరగించారు. రుచి, రంగు, వాసన పరీక్షించారు; విషగుణం ఉన్నదేమో పరీక్షించలేదు. డైఎథిలీను గ్లైకాలు మూత్రపిండాలను చెడగొట్టే విషం. కొద్ది వారాలలో నూరుమందికి పైగా మరణించారు. వారిలో అనేకులు పిల్లలు.

తయారైన మందు మొత్తం 240 గాలన్లు, అనగా సుమారు 900 లీటర్లు. అది అప్పటికే దేశమంతటా మందుల దుకాణాలకు, వైద్యులకు చేరిపోయినది. ప్రభుత్వ తనిఖీదారులు సంస్థ పంపకపు పుస్తకాలను, దుకాణాల అమ్మకపు చీటీలను పట్టుకొని సీసా వెంట సీసాగా వెదికారు. చివరకు 234 గాలన్లకు పైగా తిరిగి దొరికినది. తాగినవి ఆ మిగిలిన కొద్ది గాలన్లే. పంపకపు చిట్టాలు లేకపోయి ఉంటే మృతుల సంఖ్య ఎంత అయి ఉండేదో ఊహించడానికే భయం కలుగుతుంది. మరుసటి సంవత్సరం, 1938లో, కొత్త మందును అమ్మకానికి పెట్టడానికి ముందు దాని క్షేమకరత్వాన్ని నిరూపించాలని అక్కడ చట్టం చేశారు.

ఈ ఉదంతం పాతదని తీసివేయడానికి వీలులేదు. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆఫ్రికాలోని గాంబియా దేశంలో దొరికిన, మన దేశంలో తయారైనట్లు గుర్తించిన నాలుగు పిల్లల మందులలో ఇదే విషం ఉన్నదని హెచ్చరిక జారీ చేసింది. మందుకు వాడే గ్లిసరిను, ప్రొపిలీను గ్లైకాలు వంటి ద్రవాలను ప్రతి పీపాకూ పరీక్షించి, ఆ ఫలితాన్ని బ్యాచి నంబరుతో నమోదు చేయాలనే నియమం వెనుక ఇటువంటి మరణాలు ఉన్నవి. పరీక్ష చేయకుండానే 'సరిగా ఉన్నది' అని వ్రాసిన కాగితం, కాగితం లేకపోవడంకంటె ప్రమాదకరం. దానిని నమ్మి తరువాతివాడు ఇక పరీక్షించడు.

మన పాఠశాలలో

ఇప్పుడు ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. లఘులోలకంతో గురుత్వ త్వరణాన్ని కనుగొనే ప్రయోగం మనమందరమూ చేయిస్తాము. తరగతిలో నలభైమంది ఉంటే దాదాపు నలభైమందికీ సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్లే వస్తుంది. అంత చక్కని ఫలితం నలభై దారపు లోలకాలు ఇవ్వవు. పుస్తకంలోని విలువను ముందే తెలుసుకొని, దానికి తగినట్లుగా కాలాన్ని సరిదిద్దుతున్నారన్నమాట. ఈ వ్యాస రచయిత కూడా విద్యార్థిగా ఆ పని చేసినవాడే. 940 వచ్చిన విద్యార్థికి మనం మార్కులు తగ్గిస్తే, తరువాతి వారం అతనికి 980 వస్తుంది. మార్కెట్టు రంగును చూస్తే గానుగలో హైడ్రోసు పడినట్లే ఇది కూడా.

అందుకు బదులు 940ని అట్లాగే వ్రాయించి, తేడా ఎందుకు వచ్చినదో వేరే గడిలో వ్రాయమందాము. దారం పొడవును గుండు మధ్యవరకు కొలిచారా, పైభాగం వరకేనా? ఊపు మరీ పెద్దదైనదా? డోలనాలు ఒకటి తక్కువగా లెక్కపెట్టారా? నలభైమంది ఫలితాలను నల్లబల్లమీద వరుసగా గీతలతో గుర్తిస్తే, ఏ తప్పు ఎన్నిసార్లు జరిగినదో తరగతి మొత్తానికి కనిపిస్తుంది. రేపు ఈ పిల్లలలో కొందరు చక్కెర కర్మాగారాలలో, కొందరు పరవాడ ప్రాంతపు మందుల కర్మాగారాలలో ప్రయోగశాల పుస్తకాలు వ్రాయబోతారు. ఆ పుస్తకాలలోని అంకెలు నిజమైనవిగా ఉండాలంటే అభ్యాసం ఇక్కడే మొదలుకావాలి.

చెరకు ప్రాంతపు పాఠశాలలవారు రాబోయే గానుగల కాలంలో మరొక పని కూడా చేయవచ్చును. సమీపంలోని ఒక గానుగ యజమాని అనుమతి తీసుకొని, ఇద్దరేసి విద్యార్థులను వంతుల ప్రకారం పంపి, పైన చెప్పిన ఏడు వివరాలను ఒక నెలపాటు వ్రాయించండి. కాగే పెనానికి దూరంగా నిలబడి, ఉష్ణోగ్రతను పెద్దలచేత చూపించుకొని వ్రాయాలి. నెలాఖరున లెక్కలు కట్టి ఆ యజమానికి చూపించండి. ఆయన పట్టీలో 'మూడవ రకం' అని ఉన్నచోట, అది ఎందుకు అయినదో మన పిల్లల పుస్తకంలో ఉంటుంది.